రోజులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలె?

(విడీ ఘర్కుల్‌లో జరిగిన మన సమాఖ్య వార్షికోత్సవ సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, కులబాంధవులకు, పొద్దున్నే లేచి విడీలు కట్టలు కట్టి బ్రాంచిలో వేసి, మళ్ళీ పాన్, తంబాకు ఇంట్లో పెట్టి ఈ సభకు వచ్చిన అక్కచెల్లెళ్ళకు, వెనక కూర్చుని ఫోన్లు చూస్తున్న పిల్లలకు కూడా నా నమస్కారాలు.

నాకు ఇచ్చిన విషయం “కరోనా కాలంలో మన పిల్లల చదువు”. దీని మీద చాలామంది చాలా మాట్లాడారు. ఆన్‌లైన్ క్లాసులు, ఇంటికొక్క ఫోన్, ఆ ఫోన్ తండ్రితో పాటు కార్ఖానాకు పోవుడు, ఇవన్నీ మీకు తెలుసు. మన సోలాపూర్ జిల్లా పరితేవాడి బడిలో అప్పట్లో చెప్పిన రంజిత్‌సింహ డిసలే సార్‌కు 2020 డిసెంబర్‌లో ప్రపంచ ఉపాధ్యాయ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ పెట్టించిన సార్ ఆయన. మనకు గర్వమే. కానీ ఆ కోడ్‌ను చూడడానికి కూడా ఒక ఫోన్ కావాలె కదా. సరే, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

నేను ఈ రోజు ఒక్క చిన్న ప్రశ్న తీసుకుంటున్నాను. బడికి పోయే పిల్లకు జ్వరం వచ్చింది. ఎన్ని రోజులు ఇంట్లో ఉంచాలె? ఏ రోజు నుంచి లెక్కపెట్టాలె? రెండేళ్ళు ఈ గల్లీల్లో తల్లులు నన్ను ఎక్కువ అడిగిన ప్రశ్న ఇదే. నేను ఇక్కడి పిల్లలకు ట్యూషన్ చెప్తాను, మరాఠీ కాగితాలు చదువుతాను కాబట్టి నా గడపకు వచ్చేవారు.

మన అవ్వలకు ఈ కష్టం లేదు. ఇంట్లో పిల్లకు అమ్మవారు పోసిందంటే గడపకు వేపకొమ్మ కట్టేవారు. అక్షరం రానివాళ్ళు కూడా చదవగలిగే నోటీసు అది. బయటి పిల్లలు లోపలికి రారు, ఈ పిల్ల బయటికి పోదు. పొక్కులు ఎండి పొట్టు రాలే దాకా ఉంచి, మంచి రోజు చూసి వేపాకు వేసిన నీళ్ళు పోసేవారు. ఇప్పటి డాక్టర్లు కూడా చికెన్‌పాక్స్‌కు అటూ ఇటూగా అదే చెప్తారు, పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా బడికి పంపొద్దని. మొదలు ఎక్కడో అందరికీ తెలుసు, పొక్కు కనబడిన రోజు. చివర ఎక్కడో తెలుసు, నీళ్ళు పోసిన రోజు. ఏ ఊళ్ళో అయినా అదే లెక్క, ఏ ఏడైనా అదే లెక్క.

కరోనాకు ఆ లెక్క కుదరలేదు. మొదట్లో 24 గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి, రెండూ నెగెటివ్ వస్తేనే దవాఖానా నుంచి పంపేవారు. 2020 మే 8న ఆ పద్ధతి మారింది. మే 10న వచ్చిన కేంద్రం మార్గదర్శకంలో, ఇంట్లో వేరుగా ఉన్నవాళ్ళు లక్షణాలు మొదలైనప్పటి నుంచి 17 రోజులు, అందులో 10 రోజులు జ్వరం లేకుండా ఉండాలె అన్నారు. జూలై 2న అది 10 రోజులు అయింది, జ్వరం లేకుండా 3 రోజులు, ఆ తర్వాత ఇంకో 7 రోజులు ఇంట్లోనే ఉండి చూసుకోవాలె అన్నారు. 2022 జనవరి 5న 7 రోజులే చాలన్నారు. అది కూడా లక్షణాల నుంచి కాదు, పరీక్షలో పాజిటివ్ వచ్చిన రోజు నుంచి. చూడండి, రోజుల సంఖ్య ఒక్కటే మారలేదు, లెక్క మొదలయ్యే రోజు కూడా మారింది. ఇది ఎవరు చెప్పారు మనకు? గోడ మీద “గృహ విలగీకరణ్” అని కాగితం అంటించిపోయారు. దాని మీద ఏ తేదీ రూల్ ప్రకారం అంటించారో రాసి ఉండదు.

ఇది జబ్బుపడ్డ పిల్ల సంగతి. ఇంట్లో రెండో పిల్ల సంగతి ఇంకా కష్టం. సంపర్కంలో ఉన్నవాళ్ళు అప్పట్లో 14 రోజులు వేరుగా ఉండాల్సి ఉండె, ఆఖరి సంపర్కం నుంచి. ఒక ఇంటి సంగతి చెప్తాను. 2021 అక్టోబర్‌లో బళ్ళు తెరిచిన కొత్త. పెద్దవాడు ఎనిమిదో తరగతి, పట్నంలో బడి. చిన్నది ఐదో తరగతి, ఇక్కడే. తండ్రి అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో టవల్ కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు, తల్లి విడీలు చుడుతుంది. పెద్దవాడికి జ్వరం, పరీక్షలో పాజిటివ్. వాడికి 10 రోజులు. బాగుంది. చిన్నదానికి? ఆఖరి సంపర్కం నుంచి 14 రోజులు. ఆ తల్లి నా దగ్గరికి వచ్చి అడిగింది.

“అక్కా, ఆఖరి సంపర్కం అంటే ఎప్పుడు? వాడు మొన్నా ఇండ్లనే ఉన్నడు, నిన్నా ఇండ్లనే ఉన్నడు, రేపూ ఇండ్లనే ఉంటడు. మాకున్నది ఒక్క అర్ర.”

ఆమె అడిగింది చదువుకున్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న. వేరే గది ఉన్న ఇంట్లో పెద్దవాడిని ఆ గదిలో పెట్టిన రోజే ఆఖరి సంపర్కం. ఒక్క గది ఇంట్లో పెద్దవాడి 10 రోజులు అయ్యేదాకా సంపర్కం తెగదు. ఆ తర్వాత చిన్నదానికి 14. మొత్తం 24 రోజులు. మధ్యలో దానికి తుమ్ము వస్తే మళ్ళీ మొదటికే. బంగ్లాలో ఉన్న పిల్లకు 14 రోజుల బడి పోతే మన పిల్లకు 24 రోజుల బడి పోతుంది, అదే రూల్ కింద. రూల్ రాసినవాళ్ళు మోసం చేశారని నేను అనను. వాళ్ళు గాలి వచ్చే వేరే గది, 24 గంటలు చూసుకునే మనిషి ఉంటేనే ఇంట్లో ఉంచండి అని రాశారు. ఆ ఇల్లు వాళ్ళ కళ్ళ ముందు ఉంది. మన ఇల్లు లేదు.

మన ఇళ్ళు ఎట్లా వచ్చాయో మరిచిపోలేదు కదా. గోదూతాయి పరుళేకర్ గారి పేరు మీద విడీ కార్మికులకు 10,000 ఇళ్ళు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ గారి చేతుల మీదుగా తాళాలు అందుకున్నారు మన అమ్మలు. కిరాయి ఇళ్ళ నుంచి సొంత ఇంటికి వచ్చిన సంతోషం అది. ఆ ఇంట్లోనే అత్త మామ, మొగుడు పెళ్ళాం, పిల్లలు, మూలకు తంబాకు చాట. జబ్బుపడ్డ పిల్లను ఎక్కడ వేరుగా పెట్టాలె? ఒక తల్లి మంచాన్ని గోడకు ఆనించి దాని చుట్టూ చద్దర్లు కట్టింది. మన చేతి చద్దర్లే. సోలాపూర్ చద్దర్‌కు అట్లాంటి పని కూడా పడింది.

ఈ ఘర్కుల్ ఉన్నది కుంభారి గ్రామపంచాయతీలో, దక్షిణ సోలాపూర్ తాలూకా. పట్నం కళ్ళ ముందే ఉంటుంది, కార్ఖానాకు పోయేది పట్నానికే, కాగితం మీద మాత్రం మనం పల్లె. మామూలు రోజుల్లో ఈ తేడా కుళాయి నీళ్ళ దగ్గర తెలుస్తుంది. కరోనాలో బడి దగ్గర తెలిసింది. 2021 జూలైలో కరోనా లేని గ్రామాల్లో 8 నుంచి 12 తరగతులు మొదలుపెట్టవచ్చు అన్నారు. నెల రోజులు ఊళ్ళో ఒక్క కేసు ఉండొద్దు. సర్పంచ్ అధ్యక్షతన కమిటీ కూర్చుని నిర్ణయించాలె, తల్లిదండ్రులు సమ్మతిపత్రం ఇవ్వాలె, బెంచికి ఒక్కరే, గదిలో 15 నుంచి 20 మందే. ఊరంటే చిన్న పల్లె అని ఊహించి రాశారు. 10,000 ఇళ్ళ ఊళ్ళో నెల రోజులు ఒక్క కేసు లేకుండా ఎట్లా ఉంటుంది?

తర్వాత అక్టోబర్ 4న గ్రామీణ ప్రాంతంలో 5 నుంచి 12, పట్నాల్లో 8 నుంచి 12 తెరిచారు. అక్కడ చిక్కు వచ్చింది. అన్నదమ్ముల పిల్లలు ఇద్దరూ ఆరో తరగతి. ఒకడు ఘర్కుల్ బడి, వాడు పోవచ్చు. ఒకడు పట్నం బడి, వాడు పోవద్దు. ఇద్దరూ సాయంత్రం ఒకే గల్లీలో గోలీలాడుతారు. “పట్నంలో ఉన్న కరోనా వేరేదా చిన్నీ?” అని మా అత్తయ్య అడిగింది. నా దగ్గర జవాబు లేదు. డిసెంబర్ 1 నుంచి గ్రామీణంలో 1 నుంచి 4, పట్నంలో 1 నుంచి 7 అన్నారు, పట్నాల్లో కొన్ని చోట్ల అది కూడా ఆలస్యం అయింది.

2021 మే నెల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. రెండో దెబ్బ అది, మన ఇళ్ళల్లో ఎంతమంది పోయారో ఇక్కడ కూర్చున్నవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. మే 25న ఆరోగ్య మంత్రి రాజేశ్ టోపే గారు 18 జిల్లాల్లో హోం ఐసొలేషన్ బంద్ అని ప్రకటించారు. సోలాపూర్ ఆ లెక్కలో ఉంది. పాజిటివ్ వస్తే కోవిడ్ కేర్ సెంటర్‌కే పోవాలె. దీంట్లో న్యాయం ఉంది. ఒక్క గది ఇంట్లో ఒకరి నుంచి అందరికీ అంటుకుంటుందని నేను ఇప్పుడే చెప్పాను కదా, దానికి మందు సెంటరే. కానీ పదేళ్ళ పిల్లకు వస్తే? తల్లి వెంట పోవచ్చా, పోతే తల్లికి అంటదా, ఇంట్లో ఉన్న చిన్నోడిని ఎవరు చూడాలె? ఈ ప్రశ్నలకు అంబులెన్స్ వచ్చిన రోజు జవాబు వెతికితే దొరకదు. అందుకే చాలా ఇళ్ళల్లో ఏం చేశారు? జ్వరం దాచిపెట్టారు. గోలీ వేసి, “ఏం లేదు, దగ్గు పడిసెం” అన్నారు. 2020 సెప్టెంబర్‌లో “మాఝే కుటుంబ్ మాఝీ జబాబ్‌దారీ” అని ఇంటింటికీ వచ్చి జ్వరం చూసినప్పుడు కూడా పిల్లలను వెనక తలుపు నుంచి పంపినవాళ్ళు ఉన్నారు. భయపడిన తల్లిని నేను తప్పు పట్టను. పైగా ఇంటికి కాగితం అంటిందంటే ఆ ఇంటి విడీలు తీసుకోమని చెప్పిన చోట్లు ఉన్నాయి. పిల్లకు జ్వరం అని ఒప్పుకుంటే తల్లికి కూలి బంద్. జ్వరం ఎందుకు దాచరు?

ఇప్పుడు భాష సంగతి. మన ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. బయట మరాఠీ. మాట్లాడటానికి మరాఠీ మన అందరికీ వచ్చు, బజార్‌లో మనల్ని ఎవ్వరూ మోసం చేయలేరు. కానీ సర్కారు ఆదేశంలో ఉండే మరాఠీ వేరు. “విలగీకరణ్”, “ప్రతిబంధాత్మక్ ఉపాయ్‌యోజనా”, “నికట్ సహవాసిత్”, ఆ మాటలు మరాఠీ పిల్లలకే అర్థం కావు. అందుకని మన తల్లులు ఎక్కడ చూసేవారు? వాట్సాప్‌లో. వాట్సాప్‌లో తెలుగులో ఎవరు పంపుతారు? సిరిసిల్ల చిన్నమ్మ, కరీంనగర్ మేనమామ. వాళ్ళు పంపేది తెలంగాణ సర్కారు మాట. 2021 సెప్టెంబర్ 1న బళ్ళు తెరుస్తున్నరు అని వచ్చింది, అది తెలంగాణలో. 2022 జనవరి 30 దాకా సెలవులు, ఫిబ్రవరి 1న బళ్ళు అని వచ్చింది, అది కూడా తెలంగాణలో. మన దగ్గర జనవరి 10 నుంచి బంద్, ఫిబ్రవరి 15 దాకా అని మొదట చెప్పి, పది రోజులకే మాట మార్చి జనవరి 24 నుంచి తెరవవచ్చు, స్థానికంగా చూసి నిర్ణయించుకోండి అన్నారు. మన భాషలో వచ్చింది మనది కాని రూల్. మనదైన రూల్ మన భాషలో రాలేదు. ఒక తల్లి “ఫిబ్రవరి ఒకటి కదా” అని పిల్లను వారం రోజులు ఇంట్లోనే ఉంచింది. ఆమె బద్ధకంతో ఉంచలేదు. చదివింది, నమ్మింది. చదివిన కాగితం పక్క రాష్ట్రానిది.

టీవీలో సహ్యాద్రి ఛానల్‌లో “టిలిమిలి” అని పాఠాలు వచ్చేవి, 2020 జూలై 20 నుంచి. మంచి కార్యక్రమం, పిల్లలు ఇష్టంగా చూసేవారు. అది మరాఠీలో. తెలుగు మీడియం చిన్నపిల్లలకు దాంట్లో బొమ్మలే మిగిలాయి.

ఇంకొక్క సంగతి, దీన్ని కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది రేపు కూడా వస్తుంది. జబ్బు తగ్గి, రోజులు పూర్తయి, పిల్లను బడికి తీసుకుపోతే నెగెటివ్ రిపోర్ట్ తెమ్మనేవారు. బడి పేరు చెప్పను, ఒక్క బడి కాదు. ఇందాక చెప్పిన ఆ ఎనిమిదో తరగతి పిల్లాడినే వెనక్కి పంపారు. సర్కారు పరీక్షకు లైన్, ప్రైవేట్‌లో 500 రూపాయలు. తల్లి 500 పెట్టి చేయిస్తే మళ్ళీ పాజిటివ్ అని వచ్చింది! ఇంట్లో ఏడుపు. అప్పుడు నేను కేంద్ర ఆరోగ్య శాఖ కాగితం తీసి చూపించాను. ఇంట్లో ఉండే కాలం పూర్తయ్యాక మళ్ళీ పరీక్ష అవసరం లేదు అని అందులో స్పష్టంగా ఉంది. 2020 జూలైలోనూ ఉంది, 2021 ఏప్రిల్‌లోనూ ఉంది, 2022 జనవరిలోనూ ఉంది. అన్నీ మారినా ఆ లైన్ మారలేదు. కారణం ఏమిటంటే, ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చచ్చిన వైరస్ ముక్కలను కూడా పట్టుకుంటుంది. మనిషి బాగయ్యి వారాలు దాటినా పాజిటివ్ రావచ్చు. కూలిన మగ్గం కట్టెలు చూసి ఇంట్లో నేత నడుస్తోందని అనుకున్నట్టు అది. ఆ తల్లి, నేను కాగితం పట్టుకుని బడికి పోయాం. సార్ చదివాడు. మంచి మనిషి, కానీ భయం ఉంది, “పైనుంచి అడిగితే నేనేం చెప్పాలె?” అన్నాడు. ఈ కాగితం చూపండి అన్నాం. ఇంకో నాలుగు రోజుల తర్వాత పిల్లాడిని రానిచ్చారు.

సార్లకు కూడా కష్టమే ఉండె. బడిలో ఒక పిల్లకు పాజిటివ్ వస్తే బడి వెంటనే మూసి, శుభ్రం చేయించాలని ఆదేశంలో ఉండె. బాధ్యత హెడ్‌మాస్టర్ మీద. అటువంటి మనిషి ఒక కాగితం ఎక్కువ అడుగుతాడు కానీ తక్కువ అడగడు.

రూల్స్ మారడమే తప్పు అని మీరు అనుకోవద్దు. కొత్త జబ్బు. మొదట్లో ఎన్ని రోజులు అంటుతుందో ఎవ్వరికీ తెలియదు కాబట్టి ఎక్కువ రోజులు పెట్టారు. తర్వాత తేలికగా వచ్చినవాళ్ళ నుంచి ఓ పది రోజులు దాటాక అంటడం బాగా తక్కువ అని తేలింది, రోజులు తగ్గించారు. ఒమిక్రాన్ ఇంకా తొందరగా వచ్చి తొందరగా పోయేది, మళ్ళీ తగ్గించారు. ఇది మన ఒక్క దేశంలో కాదు. ఇంగ్లాండ్‌లో 2021 జూలై దాకా “బబుల్” అని పద్ధతి ఉండేది, ఒక పిల్లకు వస్తే ఆ గుంపు మొత్తాన్ని, ఒక్కోసారి క్లాసుకు క్లాసునే 10 రోజులు ఇంటికి పంపేవారు. అక్కడి తల్లిదండ్రులు ఉద్యోగాలు మానుకుని విసిగిపోయారు. ఆగస్టు 16 నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లలు సంపర్కంలో ఉన్నా ఇంట్లో కూర్చోవాల్సిన పని లేదు, పరీక్ష చేయించుకుంటే చాలు అన్నారు. అమెరికాలో 2021 డిసెంబర్ 27న 10 రోజులను 5 చేశారు. అక్కడ చదువుకున్న తల్లులు కూడా మన తల్లుల్లాగే తలలు పట్టుకున్నారు. కాకపోతే వాళ్ళకు మారిన రూల్ వాళ్ళ భాషలో, వాళ్ళ బడి పేరుతో, మారిన రోజే చేతికి వచ్చింది.

నా అభిప్రాయం ఒకటి చెప్తాను, నచ్చనివాళ్ళు ఉండవచ్చు. 2022 జనవరిలో మళ్ళీ బళ్ళు మూయకుండా ఉండాల్సింది. అప్పటికి జబ్బు సంగతి కొంత తెలుసు, జనవరి 3 నుంచి 15 ఏళ్ళు దాటిన పిల్లలకు టీకా కూడా మొదలైంది. బజార్లు నడుస్తుంటే బడి మూశారు. ఆ నెలలో చదువు మానేసి కార్ఖానాకు పోయిన పిల్లలు నాకు తెలుసు. కండెలు చుట్టే పనికి పోయిన పిల్ల ఒకామె ఇప్పటికీ అదే పనిలో ఉంది. ట్యూషన్‌లో ఆమె అక్షరాలు అందరికంటే గుండ్రంగా ఉండేవి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నావు అంటారా. 2022 చివర్లో ముంబై గోవండీలో, భివండీలో, మాలేగావ్‌లో తట్టు జబ్బు, ఇక్కడ గోవర్ అంటాం, బాగా వచ్చింది, పిల్లలు పోయారు. భివండీ, మాలేగావ్ అంటే ఎవరి ఊళ్ళు? పవర్‌లూమ్ ఊళ్ళు, మన బంధువులున్న ఊళ్ళు, ఒక్క గది ఇళ్ళ ఊళ్ళు. తట్టుకు లెక్క వేరు. ఒంటి మీద దద్దు కనబడిన తర్వాత కనీసం 4 రోజులు పిల్లను బడికి పంపొద్దు. దద్దు రాకముందు 4 రోజుల నుంచే అంటుతుంది కాబట్టి చుట్టుపక్కల పిల్లల టీకా కార్డులు వెంటనే చూసుకోవాలె. 9 నెలలు దాటాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోటి. కార్డు పోయిందని ఊరుకోవద్దు, ఆశాతాయి దగ్గర రిజిస్టర్ ఉంటుంది, అడగండి.

సమాఖ్యను నేను అడిగేది పెద్ద పని కాదు, డబ్బుల పని అసలే కాదు. బడికి, జబ్బుకు సంబంధించిన ఏ ఆదేశం వచ్చినా దాన్ని నాలుగు లైన్ల తెలుగులో రాసి గల్లీ గ్రూపుల్లో పెట్టాలె. మొదటి లైన్‌లో ఇది ఎవరి ఆదేశం, మహారాష్ట్రదా, జిల్లాదా, పట్నం కార్పొరేషన్‌దా, మన గ్రామపంచాయతీకి వర్తిస్తదా లేదా. రెండో లైన్‌లో తేదీ, దీనితో ఏ పాత ఆదేశం పోయింది. మూడో లైన్‌లో రోజులు ఎన్ని, ఏ రోజును ఒకటి అని లెక్కపెట్టాలె. నాలుగో లైన్‌లో బడికి ఏ కాగితం ఇవ్వాలె, ఏది ఇవ్వనక్కర లేదు. చివర రాసినవాళ్ళ పేరు. పేరు లేని మెసేజ్ ముందుకు పంపొద్దు, అది సిరిసిల్ల చిన్నమ్మ పంపినా సరే.

దీనికి పండితులు అక్కర లేదు. మరాఠీ చదివి తెలుగులో చెప్పగలిగిన పదో తరగతి పిల్లలు ఈ ఘర్కుల్‌లో గల్లీకి ముగ్గురున్నారు, ఆ వెనక కూర్చున్నవాళ్ళే. ఆడపిల్లలు ముందుకు వస్తే ఇంకా మంచిది, వాళ్ళు తల్లుల పక్కన కూర్చుని విడీలకు దారం చుడుతూనే చదివి వినిపిస్తారు. జూన్‌లో బళ్ళు మొదలయ్యే లోపల గల్లీకి ఇద్దరి పేర్లు కావాలె. ఒకరు ఊరికి పోతే ఇంకొకరు ఉండాలె కదా. సభ అయ్యాక చాయ్ దగ్గర ఒక వహీ పెట్టాం. పేరు, గల్లీ, ఇంటి నంబర్ రాయండి. రాయడం రానివాళ్ళు చెప్పండి, నేను రాస్తాను.